ఆదివారం కనపడని మనిషి కోసం

కలరా ఉండలు, చెద పట్టకుండా వేసిన ఎండు వేపాకు, అట్ట ఊడిన పుస్తకాలు, వాటన్నిటి కింద ఎక్కడో ఎండుద్రాక్ష ఉడికించిన తీపి. గోదావరి డెల్టాలో పాత క్రైస్తవ సంఘాల పెద్దల గదిలో బీరువా తలుపు తీస్తే కొట్టే వాసన ఇది. ఈ మధ్య పాలకొల్లు వైపు ఒక పాత మందిరం విప్పి కొత్తది కట్టుకుంటుంటే, సామానుతో పాటు ఆ బీరువా కూడా చెట్టు కిందకి వచ్చింది. పొడుగాటి సంఘ రిజిస్టరు, దారంతో కట్టిన ఉత్తరాల బొత్తి, తెల్లగుడ్డలో చుట్టిన పళ్లెం, పూత పోయిన పెద్ద కప్పు, పెట్రోమాక్స్ దీపానికి కట్టే మాంటిళ్ల (వెలుగిచ్చే గుడ్డ తిత్తుల) వాడని పొట్లాలు. ఇంతే ఉంది అందులో.

నిజంగా నమ్మినవాడు చివరిదాకా నిలుస్తాడా, మధ్యలో రక్షణ పోగొట్టుకుంటాడా అన్న ప్రశ్నని ఇప్పుడు ఫోన్లలో మూడు నిమిషాల్లో తేల్చేస్తున్నారు. "ఒకసారి రక్షణ, ఎప్పటికీ రక్షణే" అని ఒకాయన, "ఎవరు చెప్పార్రా నీకు" అని ఇంకొకాయన. ఆ బీరువా వాడిన తరం పెద్దలు ఈ మాటని నినాదంగా అనడం ఎవరూ వినలేదు. "దేవుడు తనవాళ్లని పోగొట్టుకోడు" అనేవారు. అని, చెప్పులేసుకుని, పోయిన ఆదివారం కూడికలో కనపడనివాడి ఇంటికి బయల్దేరేవారు. ఆ రెండూ వాళ్లకి ఒకటే పని.

పడవల మీద వచ్చిన మాట

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ నుంచి బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు ఈ తీరానికి వచ్చారు. తర్వాత బౌడెన్‌గారు పాలకొల్లులో, బీర్‌గారు నర్సాపురంలో స్థిరపడ్డారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 దాకా సాగితే, అక్కడి కూలీల మధ్య కూడా సువార్త చెప్పారు. డెల్టా మిషన్ సంఘాలని మనవాళ్లు పిలిచేవి అలా పుట్టినవే. కాలువలు తవ్వాక ఊళ్లకి దారి కాలువే. పెద్ద పడవల మీద పుస్తకాలు, మందులు, బోధకులు, అందరూ లాకులు దాటుకుంటూ వెళ్లేవారు. లాకు దగ్గర నీటి మట్టం సమానమయ్యేదాకా పడవ ఆగాలి. ఆ కాసేపట్లో గట్టు మీద జనానికి ఒక పాట, ఒక వాక్యం.

ఆ సంఘాల్లో జీతానికి ఉండే పాస్టరు లేడు. పెద్దలే నడిపేవారు. ఒక కౌలు రైతు, ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఒక దర్జీ, అదృష్టం బావుంటే ఒక కాంపౌండరు. వాళ్లలో చాలామందికి తొలినాటి సంఘ పండితుడు అగస్టీను పేరు తెలియదు. 1618-19లో హాలండులో జరిగిన డార్ట్ సంఘ సభ ఈ విషయం మీద ఏం తేల్చిందో, 1640ల్లో ఇంగ్లండులో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం పదిహేడో అధ్యాయంలో ఏం రాశారో చదివినవాళ్లు కాదు. అయినా డార్ట్‌లో రాసుకున్నదానికీ, మా కాలువ గట్టు మీద చేసినదానికీ ఎంత దగ్గరో తర్వాత చదివినప్పుడు గానీ తెలియలేదు. దేవుడు తనవాళ్లని వాక్యం వినిపించి, హెచ్చరించి, బెదిరించి, వాగ్దానాలు చూపించి, ప్రభువు బల్ల దగ్గర (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట) కూర్చోబెట్టి నిలుపుతాడని ఆ సభ తీర్మానాల ఐదో భాగం పద్నాలుగో అంశంలో ఉంది. మన పెద్దలు చేసినవి సరిగ్గా ఆ పనులే, కాకపోతే సైకిలు మీద.

రిజిస్టరులో గళ్లు

రిజిస్టరు అడ్డంగా తెరుచుకునే పుస్తకం. వరస నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, మారుమనస్సు, బాప్తిస్మం, బల్లలో చేరిక, చివర వెడల్పుగా "విశేషములు". మారుమనస్సు గడిలో చదువుకున్నవాళ్లకి తేదీ ఉండేది. మిగతావాళ్లకి "సార్వా ఊడ్పులప్పుడు", "పెద్ద గాలివాన తర్వాత", "కొడుకు పోయిన ఏడు". కొన్ని ఖాళీ.

ఆ ఖాళీ గడి గురించి కుర్రకారు గోల చేసేవారు. తేదీ చెప్పలేనివాడికి రక్షణ ఎలా ఉన్నట్టు అని. ఒక ముసలి పెద్దాయన దానికి చెప్పే జవాబు డెల్టాలో చాలాచోట్ల తిరిగింది: "మా అమ్మకి పుట్టినరోజు తెలియదు బాబూ. పొద్దున్నే లేచి కళ్లాపి జల్లుతుంది. బతికున్నట్టే కదా?" ఆయన చూసేది ఇవాళ ఊపిరి ఉందా లేదా అని. ఈ సిద్ధాంతం తెలిసినవాళ్లకి, తెలుసనుకునేవాళ్లకి తేడా అక్కడే దొరికిపోతుంది. తెలుసనుకునేవాడు పాత తేదీ పట్టుకుని కూర్చుంటాడు.

విశేషముల గడిలో మాటలు నాలుగైదే. ప్రభువునందు నిద్రించిరి. పత్రికతో వెళ్లిరి, అంటే సిఫారసు ఉత్తరంతో వేరే ఊరి సంఘానికి. బల్లకు దూరము. మరల చేర్చుకొనబడిరి. చివరిది అన్నిటికంటే అరుదు: బయలువెళ్లిరి. అది యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయం 19వ వచనం నుంచి తీసుకున్న మాట. వాళ్లు మనలోనుంచి బయలువెళ్లారు, మన సంబంధులైతే మనతో నిలిచి ఉండేవారు అని అక్కడ ఉంది. నిజమైన విశ్వాసి చివరిదాకా నిలుస్తాడనేవాళ్లకి ఈ వచనం ప్రధానం. వెళ్లిపోయినవాడు సంపాదించుకున్న రక్షణని పోగొట్టుకున్నాడని కాదు, లోపల అది ఎప్పుడూ లేదని ఆ వెళ్లడమే చూపించింది అని వాళ్ల చదువు.

అయితే ఆ మాట రాయడానికి పెద్దలు ఎంత బెదిరేవారంటే, మనిషి కూడికకి రావడం మానేసి ఏళ్లయినా గడి ఖాళీగానే ఉంచేవారు. "నేను నమ్మను, నన్ను తీసెయ్యండి" అని ఆ మనిషే అంటే తప్ప సిరా పడేది కాదు. రాసినా పేరు కొట్టేసేవారు కాదు. "ఇతడు ఎన్నడును విశ్వాసి కాడు" అని మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది వాళ్లకి కనపడే సంగతి కాదు మరి.

ఇంకో చిక్కు ఉండేది, బయటివాళ్లకి వింతగా ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగమైన బీసీ-సి. దాంతో సంఘ రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు. పిల్లాడి స్కాలర్‌షిప్ ఫారం మీద తండ్రి "హిందూ" అని సంతకం పెడితే అది క్రీస్తుని ఎరగనని బొంకడమేనా? కొన్ని సంఘాల్లో అలాంటివాళ్లని బల్లకి దూరం పెట్టారు. చాలా సంఘాల్లో పెద్దలు నేల చూసి ఊరుకున్నారు. ఎవరి తప్పు ఎంతో తూచడం నా వల్ల కాదు. కానీ ఆ సంతకం పెట్టినవాళ్ల పేర్ల పక్కన "బయలువెళ్లిరి" అని రాయకపోవడం మటుకు సరైన పనే అనిపిస్తుంది.

కాలువలో దిగేముందు

బాప్తిస్మానికి కాలువ నీళ్లు కావాలి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. అడుగున బురద, గుర్రపు డెక్క. అప్పుడు ఎవరైనా అడిగితే చెరువో, గోదారో, లేకపోతే మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆగడమో. పెద్దలకి ఆ ఆగడమే ఇష్టం. ఆ రెండు నెలలూ మనిషిని చూడొచ్చు.

చూడటం అంటే ఇలా. ముందు పెద్దలు ఇద్దరు కూర్చుని అడుగుతారు. నీ పాపం గురించి నీకెప్పుడు తెలిసింది, ఏ మాట వల్ల, క్రీస్తు నీ కోసం ఏం చేశాడనుకుంటున్నావు. ఇవి కంఠతా పట్టి చెప్పొచ్చు కనక అంతటితో వదలరు. తర్వాత ఊళ్లోకి వెళతారు. కిరాణా కొట్లో అప్పు సంగతి అడుగుతారు. కల్లు పాక దగ్గర ఆరా తీస్తారు. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లని అడుగుతారు. "ఏమ్మా, ఈ మధ్య చెయ్యెత్తాడా?" ఆ ప్రశ్నకి వచ్చే మౌనం కూడా జవాబే. నత్తి నత్తిగా సాక్ష్యం చెప్పినా ఇంట్లో మంచి మాట వస్తే సరే అనేవారు. బ్రహ్మాండంగా చెప్పి ఇంట్లో తన్నేవాడిని వచ్చే ఏడాదికి తోసేవారు.

దిగడంలోనూ పద్ధతుంది. నడుం లోతు నీళ్లు చాలు. బాప్తిస్మం ఇచ్చేవాళ్లు ఇద్దరు, చెరో పక్క. మనిషిని వెనక్కి వాల్చినప్పుడు తల ఎగువకి, కాళ్లు దిగువకి ఉండాలి. అలాగైతే వాలు తల మీంచి కాళ్ల వైపు పోతుంది, ముక్కులోకి నీళ్లు కొట్టవు, లేపేటప్పుడు ప్రవాహమే వీపుని నెడుతుంది. తిరగేసి నిలబెడితే ముక్కు నిండి, మనిషి బెదిరి గింజుకుంటాడు. ఇద్దరు పట్టినా జారతాడు. ఆడవాళ్లకి చీర కుచ్చెళ్లు పైకి తేలకుండా మోకాళ్ల దగ్గర గుడ్డ కట్టి దింపేవారు. గట్టు మీద దుప్పట్లు పట్టుకుని ఇద్దరు సిస్టర్లు సిద్ధం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నిలిచేవాళ్లనే దింపాలని. అయినా దింపినవాళ్లందరూ నిలవలేదు. ఆ సంగతి పెద్దలకి అందరికంటే ముందే తెలుసు.

పెట్రోమాక్స్ వెలుతురులో ఎత్తిన చేతులు

సంక్రాంతి వెళ్లాక, కోసిన చేలల్లో పందిళ్లు వేసి మూడు నాలుగు రాత్రులు కూటాలు పెట్టేవారు. పెట్రోమాక్స్‌కి కొత్త మాంటిల్ కట్టి, గిన్నెలో స్పిరిటు పోసి వెలిగించి, వేడెక్కాక పంపు కొట్టాలి. తొందరపడి ముందే కొడితే కిరసనాయిలు మండక చిమ్మి, మసి పట్టి, మాంటిల్ చిల్లు పడుతుంది. మాంటిల్ ఒకసారి కాలాక బూడిదే కనక తాకితే రాలిపోతుంది. లైటు పట్టుకుని నడిచే కుర్రాడి నడకని బట్టి ఆ రాత్రి కూటం ఎంతసేపో తేలేది.

చివరిరోజు బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు "ప్రభువుని అంగీకరించేవాళ్లు చేతులెత్తండి" అనేవాడు. చేతులు లేచేవి. కొందరు ప్రసంగీకులు ఆ రాత్రే "నువ్వు రక్షింపబడ్డావు, ఇక ఎప్పటికీ సందేహించకు, సందేహిస్తే సాతాను" అని చెప్పి పొద్దున్న బస్సెక్కేవారు. ఇదే తగువంతటికీ మూలం. ఆ చెయ్యెత్తినవాడు నెల తిరక్కుండా పేకాటలో కూర్చుని, ఎవరైనా అడిగితే యోహాను పదో అధ్యాయం 28వ వచనం అప్పచెప్పేవాడు. "అవి ఎన్నటికిని నశింపవు" అంట కదండీ అని.

దానికి పెద్దల మందు ఒక్కటే. "ఒక వచనం వెనక్కి జరుగు." 27లో ఏముంది? నా గొఱ్ఱెలు నా స్వరము వినును, నన్ను వెంబడించును. నశించవని మాట ఇచ్చింది వెంబడించేవాటికి. వినని, వెంబడించని గొఱ్ఱె ఆ వాగ్దానాన్ని జేబులో పెట్టుకు తిరగడానికి లేదు. విశ్వాసి పడడనికాదు, పడి అక్కడే ఇల్లు కట్టుకోడని. దావీదు పడ్డాడు, పేతురు బొంకాడు. ఇద్దరూ లేచారు. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అని పేతురుకి ప్రభువు ముందే చెప్పాడు కదా. లేవడం వెనక ఆ వేడుకోలుంది.

రెండో రకం రోగం దీనికి సరిగ్గా ఎదురు. మనసు మెత్తని మనుషులు, ఎక్కువమంది ఆడవాళ్లు, ప్రతి ఏడూ కూటాల్లో మళ్లీ చెయ్యెత్తేవారు. కోపమొచ్చి కోడలిని ఒక మాట అంటే రక్షణ పోయిందని ఏడుపు. ఇంకో సంఘానికి వెళ్లి రెండోసారి బాప్తిస్మం. వీళ్లకి 27వ వచనం చూపిస్తే ఇంకా కుంగిపోతారు. వీళ్లకి చూపించేది 29. తండ్రి చేతిలోంచి ఎవడూ అపహరించలేడు. ఒకే పేజీలో ఎవరికి ఏ వచనం చదవాలో తెలియడమే పెద్దరికం. వెస్ట్‌మినిస్టర్ ప్రమాణం పద్దెనిమిదో అధ్యాయం కూడా ఇదే అంటుంది: నిజమైన విశ్వాసికైనా నిశ్చయత వెంటనే రాకపోవచ్చు, చాలాకాలం పెనుగులాడొచ్చు, వచ్చింది మసకబారొచ్చు. రక్షణ ఉండటం, ఉందని నిబ్బరంగా తెలియడం రెండూ ఒకేసారి జరగాలని లేదు.

ఎదురెదురు మందిరాలు

డెల్టాలో ఈ ప్రశ్న తప్పించుకోలేరు, ఎందుకంటే ఒకే పేటలో నాలుగు రకాల జవాబులు ఉంటాయి. కాకినాడ, రామచంద్రాపురం వైపు కెనడా బాప్టిస్టులు. 1874 నుంచీ కాకినాడ వాళ్ల కేంద్రం. వాళ్లదీ నిలుస్తాడనే మాటే. రాజమండ్రి, భీమవరం వైపు లూథరన్లు. వాళ్ల మాట వేరు. 1530 నాటి వాళ్ల విశ్వాస ప్రకటన, ఆగ్స్‌బర్గ్ ప్రమాణం, పన్నెండో అంశం, ఒకసారి నీతిమంతులైనవాళ్లు పరిశుద్ధాత్మని పోగొట్టుకోలేరనే బోధని సూటిగా ఖండిస్తుంది. అలాగని దేవుడు ఏర్పరచుకున్నవాళ్లు చివరికి నశిస్తారనీ లూథరన్లు అనరు. రెండూ వాక్యంలో ఉన్నాయి కనక రెండూ చెబుతాం, ముడి విప్పడం మా పని కాదంటారు. ఇక పెంతెకొస్తు వాళ్లయితే ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తీస్తారు. జీవగ్రంథంలోంచి పేరు తుడుపు పెట్టను అన్నాడంటే, తుడిచే అవకాశం ఉన్నట్టే కదండీ? అవతలివాళ్లు, "తుడవను అన్న మాటని పట్టుకుని తుడుస్తాడని ఎలా అంటారండీ?" ఇది వేసవి సాయంత్రాలు అరుగుల మీద తెగని చర్చ. కథోలిక గుడి నుంచి వచ్చిన ముసలాయన ఒకరు మధ్యలో కూర్చుని, చివరిదాకా నిలబడే వరం గురించి ప్రత్యేక ప్రత్యక్షత లేకుండా ఎవడూ ఖాయంగా చెప్పుకోకూడదని మా ట్రెంటు సభ 1547లోనే చెప్పింది అని నవ్వేవాడు.

చర్చలో ఎవరూ ఓడిపోలేదు. తెల్లారి లూథరన్ పాస్టరుగారూ, మా పెద్దాయనా ఇద్దరూ మానేసినవాడి కోసం ఒకే వీధిలో తిరిగేవారు. పోతుందనేవాడు పోకుండా తిరుగుతాడు. పోదనేవాడు, పోకుండా ఉండటానికి దేవుడు తనని తిప్పుతున్నాడని తిరుగుతాడు.

ఓడలో ఉంటేనే

ఈ రెండో మాటకి పెద్దలు చూపించే అధ్యాయం అపొస్తలుల కార్యములు 27. కాలువ మీద, గోదారి మీద పెరిగిన జనానికి దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. పౌలుని ఖైదీగా రోమాకి తీసుకెళ్తున్న ఓడ తుఫానులో చిక్కింది. ఓడలో 276 మంది. ఓడ పోతుంది గానీ ఒక్క ప్రాణమూ పోదని దేవదూత పౌలుకి మాట ఇచ్చాడు. అది 22, 23, 24 వచనాలు. ఆ మాట ఇచ్చాక కూడా, ఓడవాళ్లు చిన్న పడవ దించి దొంగతనంగా పారిపోబోతుంటే పౌలు శతాధిపతితో ఏమన్నాడు? వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. 31వ వచనం. వెంటనే సైనికులు పడవ తాళ్లు కోసేశారు.

మాట ఇచ్చిన దేవుడికి ఆ హెచ్చరిక ఎందుకు? ఒక్క ప్రాణమూ పోదన్న మాట నెరవేరిన దారిలో ఆ కేకా, ఆ తాళ్లు కోసిన కత్తీ ఉన్నాయి. హెచ్చరిక వాగ్దానానికి ఎదురు కాదు, వాగ్దానం నడిచిన కాలు. గాలివానలో పడవ వదిలి ఈదుదామని దూకినవాళ్ల సంగతి తెలిసిన ఊళ్లలో ఈ ప్రసంగం సగంలోనే అందరికీ అర్థమైపోయేది.

అందరినీ వణికించేది మాత్రం హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, తప్పిపోయినవాళ్లని మళ్లీ మారుమనస్సుకి తేవడం అసాధ్యం అని నాలుగు నుంచి ఆరు వచనాలు. రక్షణ పోతుందనేవాళ్ల బలమంతా ఇదే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే ఉపదేశకుడిని నమ్మకండి. మా పెద్దలు దాన్ని ఏడు, ఎనిమిది వచనాలతో కలిపి చదివేవారు. అక్కడ పొలం ఉంది. పడిన వాన తాగిన భూమే, ఒకటి పంట ఇస్తుంది, ఒకటి ముళ్లు ఇస్తుంది. వాన తాగడం రెండింటికీ ఒకటే. కూడికలో కూర్చోవడం, పాటకి కళ్లు చెమర్చడం, స్వస్థత చూడటం, ఇవన్నీ వాన. పంటే గుర్తు. ఆ తర్వాత తొమ్మిదిలో, ప్రియులారా, మీ సంగతిలో ఇంతకంటే మంచిది, రక్షణకరమైనది ఉందని నమ్ముతున్నాం అని రాసినవాడే అంటాడు. ఈ వివరణ అందరినీ ఒప్పించదు. "రుచి చూసి" అన్న మాట చప్పరించి ఉమ్మేసినట్టు లేదని లూథరన్ పాస్టరుగారు అనేవారు, ఆయన మాటలోనూ పస ఉంది. తేలని చోట తేలలేదనే చెప్పాలి.

కప్పు దాటిపోయేటప్పుడు

బల్ల సామాను శనివారం రాత్రి సిద్ధం చేసేవారు. పావుకిలో నల్ల ఎండుద్రాక్ష కడిగి, పొద్దుటి నుంచి నానబెట్టి, సన్నని సెగ మీద ఉడికించి, మెత్తగా పిసికి పల్చని గుడ్డలో వడగట్టాలి. శుక్రవారమే చేస్తే ఎండాకాలం ఆదివారానికి నురగొచ్చి పులిసిపోతుంది. రొట్టె ఒక్కటే, కప్పు ఒక్కటే. వరసల వెంట చేతులు మారుతూ వెళుతుంది.

బల్లకి దూరమైన మనిషి వెనక బల్ల మీద కూర్చునేవాడు. రావద్దని కాదు, రమ్మనే. పాట పాడొచ్చు, వాక్యం వినొచ్చు. కప్పు మాత్రం అతన్ని దాటి పక్కవాడి చేతికి వెళుతుంది. అలా దాటించేటప్పుడు పక్కవాడు అతని ముఖం చూడకూడదని ఒక రాయని మర్యాద. అతనూ తల దించుకుని చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు. ఆ అర నిమిషం ఊరి పంచాయితీలో వేసే జరిమానా కంటే బరువు.

అక్కడిదాకా రావడానికి మెట్లున్నాయి. ఒక ఆదివారం రాకపోతే ఏమీ అనరు. రెండో ఆదివారం తర్వాత ఒక సిస్టరు కూర పట్టుకుని ఆ ఇంటికి వెళుతుంది, ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడకే తెలుస్తుంది. తర్వాత పెద్ద ఒక్కడే. వినకపోతే ఇద్దరు. ఇది మత్తయి పద్దెనిమిదో అధ్యాయం వరస. అప్పటికీ వ్యభిచారమో, దగాయో, బహిరంగ తాగుడో వదలకపోతే సంఘం ముందు చెప్పి బల్లకి దూరం. వెళ్లే టైము కూడా చూసుకునేవారు. పగలు వెళితే పొలంలో ఉంటాడు, రాత్రి పొద్దుపోయాక వెళితే తాగి ఉంటాడు. దీపాలు పెట్టే వేళే సరైంది. ముందు వాక్యం తియ్యకూడదు. "చేను ఎలా ఉంది?" "ఆయ్, పర్వాలేదండి." అక్కణ్ణించి మెల్లగా.

తప్పులు ఇక్కడా జరిగేవి. భూమి తగాదాలో ఉన్న పెద్ద అవతలివాడిని బల్లకి దూరం పెట్టించిన సంఘాలున్నాయి. ఆడపిల్ల తప్పు చేస్తే ఏడాది, మగపిల్లాడు చేస్తే నెల. సంపన్నుడి తాగుడు ఎవరికీ కనపడేది కాదు. ఇంకో పెద్ద తప్పు, దూరం పెట్టాక మర్చిపోవడం. కొరింథులో అలాంటి మనిషి గురించి పౌలు రెండో పత్రికలో, ఇక క్షమించండి, అత్యధిక దుఃఖంలో మునిగిపోతాడేమో అని రాశాడు. దూరం పెట్టింది తిరిగి రావడానికి. ఆ ఇంటికి అడుగు ఆగిపోతే అది శిక్షే గానీ కాపుదల కాదు.

తిరిగొచ్చే రోజు పద్ధతి తేలిక. మనిషి లేచి నిలబడి, "తప్పు చేశానండి, ప్రభువు క్షమించాడు, మీరూ క్షమించండి" అంటాడు. వివరాలు అడగరు, అడగనివ్వరు. పెద్ద వెళ్లి కుడిచెయ్యి కలుపుతాడు. ఆ వారమే కప్పు అతని చేతికొస్తుంది. రిజిస్టరులో "బల్లకు దూరము" కింద "మరల చేర్చుకొనబడిరి". ఒకే పేరు పక్కన ఈ జంట మాటలు మూడుసార్లున్న వరసలు కూడా ఉన్నాయి. మూడోసారి చేర్చుకోవడం గురించి పెద్దల మధ్య గట్టి వాదనే జరిగి ఉంటుంది.

బల్లకి దూరంగా ఉండగానే చనిపోయినవాళ్ల విషయం మరీ కష్టం. సమాధి దగ్గర మామూలుగా చదివే, క్రీస్తునందు చనిపోయినవాళ్లు లేస్తారనే థెస్సలొనీక మొదటి పత్రిక నాలుగో అధ్యాయం చదవాలా వద్దా? చాలామంది పెద్దలు అది మానేసి 90వ కీర్తన చదివేవారు, బతికున్నవాళ్లతో మాట్లాడి ముగించేవారు. పోయినవాడు ఎక్కడికి వెళ్లాడో మాట జారేవారు కాదు. వాళ్లావిడ అడిగితే, "దేవుడు చెడ్డ లెక్కలవాడు కాదమ్మా" అనేవారు.

పత్రిక

ఉత్తరాల బొత్తిలో ఎక్కువభాగం సిఫారసు పత్రికలు. రోమా పత్రిక పదహారో అధ్యాయంలో పౌలు ఫీబే గురించి రాసినట్టు. ఊరు మారే విశ్వాసి చేతికి ఇచ్చేవారు. పేరు, ఎన్నాళ్లుగా సహవాసంలో ఉన్నారు, సంఘంలో ఏ పని చేసేవారు, "ప్రభువునందు చేర్చుకొనుడి", కింద ఇద్దరు ముగ్గురు పెద్దల సంతకాలు. ఒక్కరి సంతకం ఉంటే చెల్లదు. చేరిన ఊళ్లో ఆరాధనకి ముందు దాన్ని నిలబడి చదివేవారు. పత్రిక లేకుండా వచ్చినవాడిని వెనక కూర్చోబెట్టి, పాత సంఘానికి కార్డు ముక్క రాసి, జవాబు వచ్చాకే బల్లకి.

కోనసీమ, నర్సాపురం ప్రాంతాల ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లడం మొదలెట్టాక ఈ పత్రికలు చీరల మడతల్లో సముద్రం దాటాయి. అక్కడ శుక్రవారం సెలవు దొరికిన వాళ్లు చదివించుకున్నారు. సెలవే దొరకని వాళ్లకి, యజమాని గడప దాటనివ్వని వాళ్లకి, అది పెట్టెలోనే ఉండిపోయింది. రెండేళ్లో నాలుగేళ్లో ఒక్క కూడిక లేదు, బల్ల లేదు, పలకరించే పెద్ద లేడు. వాక్యం, హెచ్చరిక, బల్ల, ఇవే కాపాడే సాధనాలని ఇంతసేపూ చెప్పుకున్నాం కదా. అవేవీ అందని చోట ఏం జరిగింది?

కొందరు జారిపోయారు, అది నిజం. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మాత్రం దిగిన వారమే మందిరంలో ఉన్నారు. వంటగదిలో గిన్నెలు తోముతూ చిన్నప్పుడు కంఠతా పట్టిన కీర్తనలు లోపల్లోపల పాడుకున్నవాళ్లు. పెట్టెలో పత్రిక అలాగే తెచ్చి పెద్దలకి తిరిగిచ్చినవాళ్లున్నారు, "చదివించడానికి కుదర్లేదండి" అని సంజాయిషీ చెప్పుకుంటూ. బొత్తిలో నాలుగు మడతల దగ్గర చిరిగి, చెమటకి సిరా అలుక్కుపోయిన కాగితాలు అవే.

ఇప్పుడు హైదరాబాదు వెళ్లే కుర్రాడికి పత్రిక ఎవరూ రాయడంలేదు. పాస్టరుగారికి ఫోను చేస్తే చాలు, చాలాసార్లు అదీ ఉండదు. పెద్ద ఊళ్లో పెద్ద మందిరం, రెండు వేలమంది, మూడు ఆరాధనలు. వాడు మూడు నెలలు రాకపోతే తెలిసేవాళ్లు లేరు. వాళ్లమ్మ ఇక్కడ ప్రతి ఆదివారం కూడికయ్యాక పెద్దల గది గుమ్మం దగ్గర నిలబడుతుంది. "బ్రదర్‌గారూ, అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారాండీ, ఒక్కసారి వెళ్లి చూసి రమ్మందురూ" అని.